తలకిందుల సంత

నేను ఒక మ్యాట్‌ని. కాళ్ళు తుడుచుకునేదాన్ని అనుకోకండి, నాకు కోపం వస్తుంది. నన్ను బల్లమీద పరిచి, నామీద చీట్లు పేర్చి ఆడుకుంటారు. పైన నునుపైన గుడ్డ, కింద జారకుండా పల్చటి రబ్బరు. మనుషులకి ఆటకింద కూడా అందమైన బొమ్మ కావాలి. ఆట మొదలయ్యాక దాన్ని చీట్లతో కప్పేస్తారు. వాళ్ళ తీరే అంత.

నా బొమ్మ పుట్టింది రాజమండ్రిలో, హైమవతిగారి భోజనాల బల్లమీద. ఆవిడ కూతురు ప్రవల్లిక ‘సంత’ అని ఒక చీట్ల ఆట తయారుచేసింది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని సరుకులు మార్చుకునే ఆట. దాని మ్యాట్‌కి బొమ్మ వెయ్యమని తల్లిని అడిగింది.

పెళ్ళికి ముందు హైమవతి వారపత్రికలకి బొమ్మలు వేసేది. కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు కనకరత్నంగారు, "బొమ్మలు కూడు పెడతాయా?" అన్నారు. ఒక్కసారే అన్నారు. ఆ ఒక్కసారి చాలింది, కుంచెలు అటకెక్కాయి. ఇప్పుడు యాభై దాటాక, చెయ్యి కదులుతుందో లేదోనని భయపడుతూనే ఒప్పుకుంది.

కుక్కరు కూతల మధ్య నెలంతా వేసింది. గాజుల మలారం మోసుకొచ్చే ఆవిడ, ఎండుచేపల బుట్టముందు ఈగలు తోలుకునే ముసలమ్మ, తాటిబెల్లం దగ్గర బేరమాడే మొగుడూ పెళ్ళాం. ఆ పెళ్ళానికి కనకరత్నంగారి ముక్కు వచ్చిందని నా అనుమానం. చూపించినప్పుడల్లా ప్రవల్లిక ఫోనులో చూసి "సూపరమ్మా!" అనేది. చివరికి ప్రింటింగువాళ్ళు ఆ బొమ్మని గుడ్డమీదికి ఎక్కించారు. అలా తయారైన మొదటి మ్యాట్‌ని నేను.

ఆదివారం మధ్యాహ్నం నన్ను పరిచారు. ఇటు ప్రవల్లిక, అటు నాన్నమ్మ. హైమవతి చేతులు పమిటకి తుడుచుకుంటూ పక్కన నిలబడింది.

"ఇదేమిటే వల్లీ, మీ అమ్మ సంతలో అందరూ శీర్షాసనం వేశారు?" అన్నారు కనకరత్నంగారు.

ప్రవల్లిక నవ్వబోయి, లేచి అటువైపు వెళ్ళి చూసింది. మొహం పాలిపోయింది. "అయ్యో, అమ్మా! ఇటు కూర్చున్నవాళ్ళకి అంతా తలకిందులే!"

పత్రికలకి వేసిన చెయ్యి అది. కాగితానికి పైనా కిందా ఉంటాయి, బల్లకి ఉండవు. కూతురికైనా తట్టలేదు. ఫోను ఎటు తిప్పితే బొమ్మా అటే తిరుగుతుంది మరి.

హైమవతి నన్ను మెల్లగా చుట్టేసింది. "ఇంకెవరిచేతైనా వేయించుకోమ్మా. నాకు వంటే నయం," అని నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకు భయమేసింది. అటకెక్కిన కుంచెలు రెండోసారి దిగవు.

నన్ను వీధిగదిలో చెప్పుల స్టాండుమీద పడేశారు. అక్కణ్ణుంచి ఇటు వాకిలి, అటు హాలు కనిపించేవి. ఒక పొద్దున హైమవతి ముగ్గు వేస్తోంది. కనకరత్నంగారు కాఫీ గ్లాసుతో అరుగుమీద కూర్చున్నారు.

"అటుపక్క రేకు చిన్నదైంది," అన్నారు అలవాటుగా.

హైమవతి అటు వెళ్ళి, అటునుంచే వంగి సరిదిద్దింది. ఇటు రాబోయి ఆగిపోయింది. పిండి వేళ్ళమధ్యనుంచి రాలిపోతూనే ఉంది. ముగ్గు చుట్టూ ఒకసారి నడిచి చూసింది. మళ్ళీ నడిచింది.

"ఏమిటా ప్రదక్షిణాలు? పాలబ్బాయి నవ్విపోతాడు!"

"ఎటునుంచి చూసినా ఇది నిటారుగానే ఉంది, అత్తయ్యగారూ."

"ముగ్గన్నాక ఉండదూ?"

హైమవతి పిండి చేతులతోనే లోపలికి వచ్చి, హాలు మధ్య నేలమీద పెద్ద కాగితం పరిచింది. దాని చుట్టూ తిరుగుతూ వెయ్యడం మొదలుపెట్టింది. ఈసారి సంతలో అందరి కాళ్ళూ అంచులవైపు, తలలన్నీ నడిమికి. ఎటు కూర్చున్నవాళ్ళకి అటు మనుషులు నిలబడ్డారు. వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. హైమవతి ఉలిక్కిపడి లేవబోయింది.

"కుక్కరు కట్టేశాన్లే," అని లోపలినుంచి కనకరత్నంగారి గొంతు వినబడింది. "నువ్వు కానీ."

బొమ్మ పూర్తయ్యాక ప్రవల్లిక, "మూల నీ పేరు రాయమ్మా," అంది. హైమవతి చెయ్యి ఆగింది. "పేరు ఒకవైపు నుంచే కదా చదవగలం. ఎటు తిప్పి రాయను?"

కనకరత్నంగారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "నావైపు తిప్పి రాయి. కాస్త పెద్దగా. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో ఏమో."

ఇవన్నీ పాత సంగతులు. కొత్త మ్యాట్లు ఎన్ని ఊళ్ళు వెళ్ళాయో నాకు తెలీదు. నేను ఇప్పుడు కుట్టుమిషను కింద ఉన్నాను. అంచులు లేచిపోయాయి, ఎండుచేపల ముసలమ్మ ఇంచుమించు చెరిగిపోయింది. కనకరత్నంగారు పోయారు. ప్రవల్లిక వచ్చినప్పుడు తల్లీకూతుళ్ళు ఆ కొత్తదాన్ని పరుచుకుని ఆడుకుంటారు.

పేరు సరిగ్గా కనబడే అత్తగారి వైపు మాత్రం హైమవతి ఎప్పుడూ కూర్చోదు. ఆ వైపు కూతురిని కూర్చోబెట్టి, ఎదురుగా వచ్చి, తన పేరు తనకి తలకిందులుగా కనిపించేచోట కూర్చుని చీట్లు పంచుతుంది.