మస్కట్ బూట్లు

భీమేష్ మస్కట్ నుంచి సెలవు మీద ఎల్లారెడ్డికి వచ్చిన మర్నాడే ఇంట్లో లడాయి మొదలైంది. దానికి కారణం ఒక జత బూట్లు.

అవి మామూలు బూట్లు కావు. సైకిల్ పందేల్లో తొక్కేవాళ్ళు వేసుకునేవి. అడుగు రాయిలాగా ఉంటుంది. ఆ అడుగుకు క్లీటు అనే చిన్న ముక్క బిగిస్తారు. అది పెడల్ లోపలికి పోయి టక్కున ఇరుక్కుంటుంది. ఇక కాలు జారే మాట లేదు. బయటికి రావాలంటే మడమను పక్కకు తిప్పాలి. పెడళ్ళు, బూట్లు రెండూ అతనే మోసుకొచ్చాడు. నిరుడు జిల్లా ఎంపిక పోటీలో, వానలో, చెల్లెలు అనిల కాలు మామూలు పెడల్ మీద నుంచి జారింది. రాష్ట్ర జట్టుకు జిల్లా నుంచి ఏటా ఒక్క ఆడపిల్లనే తీసుకుంటారు. ఆ ఒక్క సీటు దోమకొండ పిల్ల మనోజ్ఞకు పోయింది. అనిల కాలు జారిన వీడియో చూసి భీమేష్ ఫోన్లోనే మాటిచ్చాడు, వచ్చేటప్పుడు అసలైనవి తెస్తానని.

కొలత పంపింది వాళ్ళ అమ్మ ముత్తవ్వ. బిడ్డ పాదాన్ని గచ్చు మీద ఆనించి, మడమ నుంచి బొటనవేలి దాకా చీపురు పుల్ల పెట్టి, అక్కడికి పుటుక్కున విరిచింది. మనిషి దుకాణానికి పోలేనప్పుడు ఆ ఇళ్ళలో చెప్పులు తెప్పించుకునే పద్ధతి అదే. నాగిరెడ్డిపేట నుంచి మస్కట్ పోతున్న సాయన్న చేతికి ఆ పుల్ల ఇచ్చి పంపింది. పుల్ల పొడుగు చెబుతుంది. అడ్డం చెప్పదు. పోచారం చెరువు కింది మళ్ళలో చిన్నప్పటి నుంచి వట్టి కాళ్ళతో నాట్లేసిన అనిల పాదం ముందుకు పోయేకొద్దీ చేటలాగా విచ్చుకుని ఉంటుంది. ఆ సంగతి పుల్లకేం తెలుసు.

"పడ్తలేదన్నా," అంది అనిల.

"పడకపోవుడేంది? పుల్ల లోపల పెట్టి మరీ చూసిన. బరాబర్ వచ్చింది."

"పొడుగు బరాబరే. అడ్డం ఇరుకున్నది. చిటికెన వేలు కిందికి ముడుసుకపోతున్నది."

"కొత్త బూటు కరుస్తది. అందరికి కరిసినట్టే నీకు గూడ కరుస్తది. నీ కాలుకేమన్న పట్టాభిషేకం జేసిర్రా?"

"వేళ్ళు కదులుతలేవు అంటున్న."

"కదలనియ్యకుండ పట్టుకోవాలనే గదా బూటు. కదిలేదుంటే హవాయి చెప్పులు వేసుకో." భీమేష్ ఖాళీ సంచిని కాలితో పక్కకు తోశాడు. "మేనత్తకు తెస్తనన్న దుప్పటి తీసి ఆడ పారేసి ఇవి పెట్టుకొచ్చిన. అత్త నిన్న చాయ గూడ తాగకుండ పోయింది. ఇప్పుడు నువ్వు మూతి తిప్పుకుంటున్నవ్."

దుప్పటి మాట వచ్చేసరికి అనిల బూటును మళ్ళీ కాలికి ఎక్కించబోయింది. గల్ఫ్ నుంచి వచ్చినవాడు దుప్పటి తేలేదంటే చుట్టాల్లో ఎంత మాట వస్తుందో ఆమెకు తెలుసు.

ముత్తవ్వ మధ్యలోకి వచ్చింది. "జర కొబ్బరి నూనె రాస్తే మెత్తవడ్తది బిడ్డా. మీ నాయన చెప్పులకు నేను గట్లనే జేసేదాన్ని."

నూనె రాశారు. తడి గుడ్డలు కుక్కి ఉంచారు. తోలు చెప్పులైతే లొంగేవే. ఇవి తోలువి కావు, లొంగలేదు. పైగా లోపల నూనె చేరి మడమ దగ్గర జారుడు పట్టింది.

మర్నాడు పొద్దున అనిల లింగంపేట దారిన సైకిల్ తీసింది. భీమేష్ బండి మీద వెంట పడ్డాడు. వెనక నుంచి ఒకటే అరుపు. "తొక్కు. పడుకున్నవా? మస్కట్ల తెల్లోళ్ళు గిట్లనే తొక్కుతరా?" కాసేపటికి ఆమె వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఇంకొంచెం పోయాక పాదం ముందు సగం తనది కాదన్నట్టు అయిపోయింది. అంతలో పక్క సందు నుంచి వడ్ల ట్రాక్టర్ అడ్డం వచ్చింది. అనిల బ్రేక్ వేసి మడమ తిప్పింది. రాలేదు. మళ్ళీ తిప్పింది. బిగిసిన పెడల్ కాలిని వదల్లేదు. నిలబడ్డ సైకిల్ నిలబడ్డట్టే పక్కకు ఒరిగి, ఆమెతో సహా తారు మీద పడింది.

ట్రాక్టర్ మీది వాళ్ళు నవ్వారు. "సైకిల్‌కు కట్టేసిర్రారా పిల్లను," అన్నాడొకడు.

భీమేష్ బండి దిగాడు గాని చెయ్యి ఇవ్వలేదు. "ఇజ్జత్ తీస్తున్నవే."

"పెడల్ ఎన్క స్క్రూ ఎవరు బిగిచ్చిర్రు?"

"నేనే బిగిచ్చిన. గట్టిగుంటెనే బలం పడ్తది."

"నన్ను అడిగినవా?"

"తెచ్చింది నేను. నిన్ను అడుగుడేంది?"

మోచేయి చీరుకుపోయింది. అనిల రోడ్డు మీదే కూర్చుని బూట్లు విప్పింది. వేళ్ళు తెల్లగా పాలిపోయి ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. బూట్లు హ్యాండిల్‌కు తగిలించుకుని వట్టి కాళ్ళతో సైకిల్ తోసుకుంటూ ఇంటికి నడిచింది. అన్న బండి ఎక్కమన్నాడు. ఆమె ఎక్కలేదు.

ఈ ఏటి జిల్లా ఎంపిక పోటీ ఆదివారం. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా.

శుక్రవారం సాయంత్రం కామారెడ్డి కాలేజీ మైదానంలో, తమకు సైకిల్ నేర్పే జాన్ సార్‌కు అనిల ఆ బూట్లు చూపించింది. జాన్ సార్ నోరు ఎప్పుడూ చేదే. మంచి మాట చెప్పినా తిట్టినట్టే ఉంటుంది.

"ఎవరు తెచ్చిర్రమ్మా ఇవి? కాలు చూసి తెచ్చిర్రా, పెట్టె మీద బొమ్మ చూసి తెచ్చిర్రా?"

"మా అన్న."

"మీ అన్నకు దండం. బూటు పొద్దున కొనద్దు. సాయంత్రం, కాలు ఉబ్బినంక, తొక్కేటప్పటి మేజోళ్ళు వేసుకొని చూడాలె. లోపల వేళ్ళు ఆడాలె, మడమ లేవద్దు. ఈ రెంటిల ఏది తప్పినా ఆ బూటు నీది కాదు. ఎంత మంచిదైనా సరే." పెడల్ వెనక స్క్రూ వేలితో తట్టాడు. "ఇది మొదలు వదులు చేసుకో. మడమ జర తిప్పంగనే కాలు బయటపడాలె. గట్టితనం నేర్చినోళ్ళకు, నీకిప్పుడే కాదు."

"బూట్లెట్ల సార్? ఎల్లుండే పోటీ."

"నన్నడిగితే? నా దగ్గర దుకాణమున్నదా?"

పక్కన మనోజ్ఞ కూర్చుని తన బూట్లు విప్పుతోంది. నిరుడు సీటు తన్నుకుపోయిన మనోజ్ఞే. అనిలకు, ఆమెకు మాటల్లేవు. మనోజ్ఞ మడమ మీద తోలు ఊడి ఎర్రగా ఉంది. దోమకొండలో కిరాణా కొట్టు నడిపే వాళ్ళ బాపు, కాలికి సుఖంగా ఉండాలని వెడల్పాటి బూట్లు చూసి మరీ తెచ్చాడు. ఆమె పాదమేమో సన్నం. తొక్కినప్పుడల్లా మడమ పైకి లేచి ఒరుసుకుంటోంది. ముందు భాగంలో దూది కుక్కుకుంది.

అనిల ఆ బూట్ల వైపు చూసింది. పొడుగు ఇద్దరిదీ ఒకటే. ఒకరిది ఇరుకు, ఒకరిది వెడల్పు. అడుగున బెజ్జాలు కూడా ఒకే తీరు, ఎవరి క్లీట్లు వాళ్ళు విప్పి బిగించుకుంటే చాలు. అడగాలంటే నోరు రాలేదు. నిరుడు కాలు జారి వెనకపడ్డప్పుడు ఈ పిల్ల తిరిగి చూసి నవ్వింది.

చివరికి అడిగింది. "మార్చుకుందామా?"

మనోజ్ఞ అనుమానంగా చూసింది. "ఎందుకు? నీ బూట్లల్ల ముల్లు పెట్టినవా?"

"వేసుకొని చూడు."

మనోజ్ఞ నూనె వాసనకు ముక్కు చిట్లించుకుంది. గుడ్డతో లోపల తుడిచి కాలు పెట్టింది. లేచి నిలబడింది, మడమ ఎత్తి చూసింది. బూటు కదల్లేదు. ముఖంలో ఏదో మెత్తబడబోయి, మళ్ళీ బిగుసుకుంది.

అనిల కూడా ఆ పాత నల్ల బూట్లలో కాళ్ళు పెట్టింది. దూది తీసేసింది. వేళ్ళు ఐదూ విడివిడిగా అడుగుకు ఆనాయి. పట్టీ బిగిస్తే మడమ కూర్చుంది. చూడడానికి అందంగా లేవు, మూతి దగ్గర గీతలు పడి ఉన్నాయి. అయినా విప్పాలనిపించలేదు.

"మీ అన్న ఊకుంటడా?" అంది మనోజ్ఞ.

"మా అన్న సంగతి నాకు ఇడిసిపెట్టు."

"ఓడిపోతె నా బూట్లు నాకియ్యమని ఏడ్వద్దు మళ్ళ."

"ఇచ్చినంక ఇచ్చినట్టే."

"నువ్వే నాకు కత్తి సానవట్టిస్తున్నవ్. మీ ఊరోళ్ళకు తెలివి లేదంటే ఏమో అనుకున్న."

"నీ మడమ పుండు మీద పడి గెల్వాలని నాకు లేదు," అంది అనిల. అన్నాక, అది నిజమో కాదో తనకే తెలియలేదు.

ఆదివారం పొద్దున కామారెడ్డి బయట ఎల్లారెడ్డి రోడ్డు మీద సున్నంతో గీత గీశారు. పిల్లలు, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళు, నాలుగు బండ్లు. భీమేష్ నల్ల అద్దాలు పెట్టుకుని వచ్చాడు. మొదట చెల్లెలి కాళ్ళు చూశాడు. తర్వాత వెతికాడు. మనోజ్ఞ కాళ్ళ దగ్గర అతని చూపు ఆగింది.

నేరుగా పోయి ఆమె సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నాడు. "విప్పు."

"ఏంది?"

"బూట్లు విప్పు. నాయి అవి. మస్కట్ల నేను కొన్నయి."

"మీ చెల్లె ఇచ్చింది. ఆమెనడుగు."

"ఆమెకేం తెల్వది. విప్పుతవా, నన్ను విప్పమంటవా?"

గీత దగ్గర నుంచి జాన్ సార్ కేకేశాడు. "లొల్లి ఉంటే రోడ్డు పక్కన పెట్టుకోండి. ఈల ఊదేసరికి గీత మీద లేనోళ్ళ పేరు కొట్టేస్త. మళ్ళ నా ఎంబడి పడద్దు."

అనిల గీత మీదే ఉంది. ఒక కాలు పెడల్‌లో, ఒకటి నేల మీద. ఆమె ఏమీ చేయనక్కర్లేదు. నోరు మూసుకుంటే చాలు. అన్న హ్యాండిల్ వదలడు. మనోజ్ఞ వేరే బూట్లు తేలేదు. ఈల పడితే సీటు తనది. దాని కోసమే కదా, చలికాలం పొద్దుల్లో ఈ రోడ్డంతా ముక్కు కారుతూ తొక్కింది. ఎవరూ ఆమెను తప్పు పట్టరు. మనోజ్ఞ ఆమె వైపే చూస్తోంది. బతిమాలే చూపు కాదు. నువ్వు ఇంతేనని ముందే తెలుసన్న చూపు.

ఆ చూపు అనిలకు చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది. సైకిల్ దిగి పోయింది.

"ఇడువన్నా. అవి ఆమెయి."

"నువ్వెవ్వరివే ఇచ్చెటందుకు? చెమటోడ్చి తెచ్చింది నేను."

"ఎవరికోసం తెచ్చినవ్?"

"నీకోసమే."

"నాకైతే నాయి. నాయి గనుకనే ఇచ్చిన. లేదు, నీకోసమే తెచ్చుకున్నవంటే నలుగుట్ల చెప్పు. ఇప్పుడే విప్పించి నీకు తొడుగుత."

ఎవరో కిసుక్కుమన్నారు. భీమేష్ ముఖం కందిపోయింది. హ్యాండిల్ మీద వేళ్ళు వదులయ్యాయి గాని మాట వదులవ్వలేదు. "పగదానికి బలమిచ్చుకుంటున్నవ్. పో. ఓడిపోయి ఇంటికి రా, చెప్త."

ఈల పడింది.

లింగంపేట దాకా గుంపుగానే పోయారు. ఎదురుగాలి. ఆ తర్వాత గుంపు చెదిరి ఇద్దరే మిగిలారు. అనిల పాదాలు తిమ్మిరెక్కలేదు. తొక్కిన ప్రతి తొక్కూ నేరుగా చక్రంలోకి పోతున్నట్టుంది. ఎత్తులో మనోజ్ఞను దాటింది. దిగుడులో మనోజ్ఞ ఆమెను దాటింది. "ఇంతేనా?" అని అరిచింది దాటుతూ. అనిల ఊపిరి దాచుకుంది. ఎల్లారెడ్డి ఇళ్ళు కనిపించే చోట ఇద్దరూ పక్కపక్కన లేచి నిలబడి తొక్కారు. మనోజ్ఞ మడమ ఈసారి ఒక్కసారి కూడా పైకి లేవలేదు. గీత దగ్గర ఆమె ముందు చక్రం అరచెయ్యంత ముందుంది.

జాన్ సార్ మనోజ్ఞ పేరు రాసుకున్నాడు. అనిల దగ్గరికి వచ్చి, "నిరుటి కంటే మనిషివైనవ్," అని పోయాడు. అంతకంటే మంచి మాట అతని నోట ఆమె ఎన్నడూ వినలేదు. అయినా సీటు సీటే.

భీమేష్ గీత దగ్గర కూర్చుని మనోజ్ఞ బూట్లకు ఫొటో తీస్తున్నాడు, మస్కట్‌లో తన గదిలో ఉండేవాళ్ళకు పంపడానికి.

"తీస్కో అన్నా," అంది మనోజ్ఞ, రొప్పుతూనే. "బూట్లే తీస్కో. నా మొకం రానియ్యకు."

అతను లేచి చెల్లెలి ముందుకు వచ్చాడు. "చూసినవా, నా బూట్లే గెలిసినయి."

"గెలిసినయి. వాటికి పట్టే కాలు దొరికింది."

"మొండితనం చెయ్యకుంటే ఆ గెలుపు నీదుండు."

"అవి తొడుక్కుంటే లింగంపేట కాడ రోడ్డు మీద పడి ఉందును. నువ్వు బండి మీద కూసోని అరుస్తుందువు."

"మాటలు బాగ నేర్చినవ్. మళ్ళ ఏడు నీకు సబ్బు బిళ్ళ గూడ తేను."

"తేకు. నా కాలు నేనే తోల్కపోత దుకాణానికి."

భీమేష్ ఫోన్ మోగితే అటు తిరిగాడు. అనిల సైకిల్ ఎక్కింది. ఎడమ కాలు పెడల్‌లో ఇరికించింది, తర్వాత కుడిది. ఇంటికి పోయే సందు ఎడమ పక్కన ఉంది. ఆమె అటు తిప్పలేదు. వచ్చిన దారినే, మళ్ళీ తొక్కడానికి లింగంపేట వైపు మళ్ళించింది.