రెంటచింతల ఎండ

రెండువేల సంవత్సరం పుట్టిన రోజున ఆస్ట్రేలియా అల్లకల్లోలం కాకుండా కాపాడినవాడు మన కేశవరావే. ఆస్ట్రేలియా అంటే మరీ మొత్తం ఆస్ట్రేలియా కాదు. సిడ్నీలో పెంపుడు కుక్కలకు బీమా చేసే ఓ చిన్న ఆఫీసు. ఆ ఏడు పుట్టబోయే కుక్కపిల్లలు, రెండువేలును పంతొమ్మిదివందలనుకునే కంప్యూటర్లో నూరేళ్ళ ముసలి కుక్కలైపోకుండా తేదీలన్నీ సరిచేశాడు. జనవరి ఒకటిన ఏ కుక్కకీ ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టే, దొంగలు పడని ఇంటికి కాపలా దేనికని అతన్ని సాగనంపారు.

ఇప్పుడు జూలై, అక్కడ నడిచలికాలం. సిడ్నీ శివారు గిరావీన్‌లో తెల్లారేసరికి గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు. కేశవరావు గోపాలరావుగారింట్లో వెనక గదిలో ఉంటున్నాడు. పొద్దున లేచి పేపర్లో ఉద్యోగాల పేజీ ముందేసుకుని ఏజెంట్లకు ఫోన్లు చేసేవాడు. వాళ్ళు లోకల్ ఎక్స్‌పీరియన్స్ లేదనేవాళ్ళు. ఆ కుక్కలు లోకల్ కావా అని అడగాలనిపించేది, అడిగే ఓపిక ఉండేది కాదు. ఆరో ఏజెంటు అయ్యేసరికి ఫోను పెట్టేసి, ఒళ్ళు ఈడ్చుకుంటూ పెరట్లో రేకుల షెడ్డుకు వెళ్ళేవాడు. అక్కడ మాత్రం అతనికి చేతినిండా పని.

కేశవరావుది రెంటచింతల. ఆ ఊరి మే నెల ఎండ అతని ఒంట్లో ఉండిపోయింది. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్ళు గోంగూర పచ్చడి తీసి చెత్తబుట్టలో పడేశారు గానీ ఎండ సంగతి ఎవరూ అడగలేదు. అతను ఆనుకున్న సోఫా మీద తడి తువ్వాళ్ళు ఆరిపోయేవి. రైల్లో పక్కన కూర్చున్నవాళ్ళు కోట్లు విప్పేవాళ్ళు. ఒకరికి ఎడమచేతి వాటం ఉంటుంది, ఒకరికి పిల్లికళ్ళుంటాయి, ఇతనికి ఎండ ఉంది. అంతే.

చిక్కల్లా ఆఫీసుల్లోనే. అతను కంప్యూటర్లుండే మెషీన్ రూములో అడుగు పెడితే ఏసీలు గుడ్లు తేలేసేవి. ఇంటర్వ్యూలో షేక్‌హ్యాండిచ్చిన మేనేజరు చెయ్యి చటుక్కున లాక్కుని, జ్వరమా అని పరామర్శించి, కిటికీ తెరిచి, తొందరగా పంపేసేవాడు.

ఇంట్లో మాత్రం ఆ ఎండకు మహా గిరాకీ. గోపాలరావు బ్యాంకులో లెక్కలు చూస్తాడు, సెలవురోజుల్లో బీరు కాస్తాడు. మాల్ట్ డబ్బా, పంచదార, ఈస్ట్ తెచ్చి పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో కలుపుతాడు. పూజగది ఉన్న కొంపలో కల్లు కుండేమిటని భార్య శ్యామసుందరి ఆ డ్రమ్మును షెడ్డుకు గెంటేసింది. షెడ్డులో చలికి ఈస్ట్ ముడుచుకు పడుకునేది. అందుకని కేశవరావు రోజూ పాల క్రేటు బోర్లించి దాని మీద కూర్చుని, డ్రమ్ముకు వీపు ఆనించేవాడు. కాసేపటికి మూత మీద గొట్టంలో నీళ్ళు బుడుక్కుమనేవి. లోపల పులుస్తోందన్నమాట.

అది చూసి శ్యామసుందరి ఇడ్లీపిండి గిన్నె తెచ్చి అతని ఒళ్ళో పెట్టడం మొదలెట్టింది. పక్కింటి హఫీజా ఆంటీ తోడేసిన పాలగిన్నె తెచ్చి అతని పాదాల దగ్గర పెట్టేది. ఆవిడ వస్తోందంటే డ్రమ్ము మీద దుప్పటి కప్పేవాళ్ళు. అందులో ఏముందో ఆవిడ అడగలేదు, వీళ్ళు చెప్పలేదు, మర్యాదకు లోటు రాలేదు. వీపున బీరు, ఒళ్ళో పిండి, కాళ్ళ దగ్గర పెరుగు. మధ్యలో కేశవరావు, చొక్కా గొంతు దాకా గుండీలు పెట్టుకుని, కదిలితే ఎవరి గిన్నె ఒలుకుతుందోనని బిగుసుకుని కూర్చునేవాడు.

అతను అద్దె సంగతి ఎత్తినప్పుడల్లా గోపాలరావు ఒకే మాట అనేవాడు.

“నీ వేడుండగా అద్దేంటయ్యా.”

ఆ మాట కేశవరావుకు రోజూ నిద్రలో కూడా వినపడేది. వేడుండగా. లేకపోతే?

ఆ చలికాలంలో ఇంట్లో జరిగిన దొంగతనం ఒక్కటే. బట్టల తీగ మీంచి శ్యామసుందరి మెరూన్ స్వెటర్ పోయింది. కప్పు మీద తిరిగే పోసమ్ అనే పిల్లిలాంటి జంతువు పనేనని ఆవిడ తేల్చింది. పోసమ్‌కి నీ సైజు సరిపోతుందా అని గోపాలరావు అడిగాడు. ఆ పూట ఆయనకు కూరలో ఉప్పు పడలేదు.

చలి మరీ ముదిరిన ఒక శనివారం పొద్దున డ్రమ్ము మూగబోయింది. ఒలింపిక్స్ మొదలయ్యే రోజు బార్బెక్యూ విందుకి సగం బ్యాంకును పిలిచి, సొంత బీరు పోస్తానని గోపాలరావు మాటిచ్చిన డ్రమ్ము అది. అదే పూట ఇడ్లీలు పలకల్లా వచ్చాయి. హఫీజా ఆంటీ పాలు పాలుగానే ఉన్నాయి. ఆవిడ గిన్నె వంచి చూసి, “కోయీ బాత్ నహీఁ బేటా” అని ఊరడించి వెళ్ళిపోయింది. ఇంట్లో ఎవరూ కేశవరావును ఒక్క మాటా అనలేదు. అంటే బావుండేది.

గోపాలరావు కారు తాళాలు తీసుకున్నాడు. “అదేదో కరెంటు బెల్టు ఉందట కేశవా, డ్రమ్ముకు చుట్టేస్తే చాలట. నీక్కూడా కాస్త రెస్టు.”

కుక్కల బీమా ఆఫీసువాళ్ళు సాగనంపుతూ చివర్లో అన్నదీ ఈ రెస్టు మాటే.

కారు వీధి మలుపు తిరగ్గానే కేశవరావు షెడ్డులోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఈసారి వీపు ఆనించలేదు. పసిపిల్లను పొదువుకున్నట్టు రెండు చేతులా డ్రమ్మును కావలించుకుని, చెంప ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఎంతుంటే అంత తీసుకోవే తల్లీ, నా గది నాకుంచు, అనుకున్నాడు. బావిలోకి చేద పోయినట్టు ఒంట్లోంచి ఏదో జర్రున జారింది. బుడుక్. బుడుక్. ఇక ఆగలేదు.

గోపాలరావు తిరిగొచ్చేసరికి షెడ్డు రేకులు మిట్టమధ్యాహ్నం ఎండకు మల్లే టిక్కుటిక్కుమంటున్నాయి. డ్రమ్ము మీద చెయ్యి వేసి, చురుక్కుమంటే సంతోషంగా తీసేసి, బెల్టును పెట్టెలోంచైనా తియ్యకుండా మూలన పెట్టాడు. కేశవరావు అరచేతులు మాత్రం అందరి చేతుల్లానే ఉన్నాయి. అతను వాటిని జేబుల్లో దాచుకున్నాడు.

సోమవారం పారమాటాలో ఇంటర్వ్యూ. మేనేజరమ్మ షేక్‌హ్యాండిచ్చింది, చెయ్యి లాక్కోలేదు. కిటికీ మూసే ఉంది. ఆవిడ అడిగినదానికల్లా అతను చెప్పాడు, చెప్పినదంతా ఆవిడ చివరిదాకా వింది. అలా ఎవరన్నా అతని మాట వినడం ఈ దేశంలో అదే మొదలు. మెషీన్ రూము చూపించింది. ఏసీ నిక్షేపంగా హోరెత్తుతూనే ఉంది. వచ్చేవారం చేరమంది.

సాయంత్రం ఆ కబురు విని శ్యామసుందరి అతన్ని షెడ్డుకు లాక్కెళ్ళి క్రేటు మీద కూర్చోబెట్టి, ఒళ్ళో పిండిగిన్నె పెట్టింది. రేపటి ఇడ్లీలు నీ పేరు మీదేనంది. వెనకాల గోపాలరావు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

ఊరుకుంటే సరిపోయేది. పక్కనున్న డ్రమ్ము వేడికే పిండి పొంగేది, ఎవరికీ తెలిసేది కాదు. కానీ అతను అప్పటికే బాగా అలిసిపోయి ఉన్నాడు.

“గిన్నె అటు పెట్టండాంటీ,” అన్నాడు. “నాలో ఇంకేం లేదు. అంతా డ్రమ్ములోకి పోయింది.”

శ్యామసుందరి అతని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. గిన్నె తీసి డ్రమ్ము పక్కన పెట్టింది.

“అయితే గది ఖాళీ చేస్తానంటావా ఏంటి?”

అతను తల దించుకున్నాడు.

“పిండి పులవకపోతే మనిషిని వెళ్ళగొడతారా ఎవరన్నా? నీ మొహం. లే, అన్నం తిందువుగాని. ఇక్కడ చలి.”

“అద్దె తీసుకుంటాలే, సరేనా?” అన్నాడు గోపాలరావు గుమ్మంలోంచి.

కేశవరావు లేవలేదు.

“ఆంటీ, ఇంకోటుంది. ఆ వేడి మీ అందరికీ తగిలేది గానీ నాకెప్పుడూ తగల్లేదు. విమానం దిగిన రోజునుంచీ నాకు చలే. రెంటచింతల వాడికి చలేమిటని నవ్వుతారని…”

మాట ఆపి, గొంతు దగ్గర గుండీ విప్పాడు. తర్వాత దాని కింది గుండీ. లోపల మెరూన్ రంగు ఉన్ని.

“పోసమ్ కాదాంటీ,” అన్నాడు. “నేనే.”