దడి పక్క మట్టి

రావులపాలెం హైవే పక్కన ఐజాక్‌కు లారీ బ్యాటరీల షెడ్డు ఉంది. పాత బ్యాటరీలు విప్పి, సీసం ప్లేట్లు కడిగిన నీళ్ళు పన్నెండేళ్ళుగా వెనక దడి దగ్గరే పారబోసేవాడు. దడికి అవతల సంపూర్ణమ్మ తోటకూర మడులు. 2004లో పాత ప్లేట్లు కొనే వ్యాపారి ఒకడు, "ఆ నీళ్ళు పడ్డచోట పండింది తినకండి, పిల్లలకి మరీ చేటు" అన్నాడు. పక్కింటి కూర కొనొద్దని ఆ రోజే భార్య తబితకు చెప్పాడు ఐజాక్. సంపూర్ణమ్మకు మాత్రం చెప్పలేదు. చెబితే షెడ్డు మూయిస్తారని భయం.

2007 వేసవిలో రాజమండ్రి నుంచి ప్రసన్నకుమారి అనే లెక్చరర్ మట్టి పరీక్షలకు వచ్చింది. సంపూర్ణమ్మ మడుల్లో సీసం బాగా ఎక్కువగా ఉందని తేల్చింది. గాలి తగలకుండా డ్రమ్ముల్లో కాల్చిన ఊక బొగ్గు బస్తాలు తెప్పించింది.

"ఇది సీసాన్ని మట్టిలోనే పట్టి ఉంచుతుందండి. వేళ్ళకి తక్కువ అందుతుంది. మళ్ళీ పరీక్ష చేసేదాకా ఈ కూర ఎవరూ తినకూడదు" అంది. తర్వాత ఐజాక్ వైపు తిరిగింది. "దడి వైపే ఎక్కువుందండి. మీ షెడ్డు నీళ్ళేమైనా ఇటొస్తాయా?"

"లేదండి" అన్నాడు ఐజాక్.

ఆ రోజునుంచి నీళ్ళు అక్కడ పోయడం మానేశాడు. నాలుగు రోజులు షెడ్డు మూసి, తనే సంపూర్ణమ్మ మడుల్లో మట్టి తవ్వి బొగ్గు కలిపాడు. సంపూర్ణమ్మ మజ్జిగ తెచ్చిచ్చి, దారినపోయే వాళ్ళందరికీ, "సొంత తమ్ముడైనా ఇంత చెయ్యడండి" అని చెప్పేది. అతను గ్లాసు గట్టు మీద పెట్టి మళ్ళీ పార అందుకునేవాడు.

కొత్త పంటలో సీసం బాగా తగ్గింది, ఇక తినొచ్చని ప్రసన్నకుమారి చెప్పింది. సంపూర్ణమ్మ మొదటి కట్ట పట్టుకుని షెడ్డుకొచ్చింది.

"తబితకివ్వు నాయనా. మూడేళ్ళయింది తను మా కూర కొనడం మానేసి. నేనేం తప్పు చేశానో అనుకున్నాను."

ఐజాక్ చేయి చాపలేకపోయాడు.

"నేనే వద్దన్నానండి. విషమని నాకు తెలుసు. ఆ నీళ్ళు పోసిందీ నేనే."



"నా మనవరాలు హారతికి రోజూ పప్పులో అదే వేసి పెట్టాను కదయ్యా" అంది. కట్ట పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

ఐజాక్ ప్రసన్నకుమారికి ఫోన్ చేసి అంతా ఒప్పుకున్నాడు. ఆమె చెప్పినట్టే సంపూర్ణమ్మ, ఐజాక్ కలిసి హారతిని రక్తపరీక్షకు రాజమండ్రి తీసుకెళ్ళారు. ఒంట్లో సీసం ఉందనీ, కొత్తగా చేరకపోతే మెల్లగా తగ్గుతుందనీ డాక్టరు అన్నాడు. తిరుగు బస్సులో సంపూర్ణమ్మ పాపను ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. పక్క సీటు ఖాళీగానే ఉన్నా ఐజాక్ వెనక నిలబడ్డాడు. పాప అతన్ని చూసి, ఎప్పటిలాగే, "మామయ్యా!" అని పిలిచింది.