మిలిటరీ కటింగ్

కత్తెరకు ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేసి, గాలిలో టకటకా ఆడించి, ఆ చప్పుడు చెవికి నచ్చేదాకా ఆయన ఊరుకోలేదు. పెరట్లో ఎండ పడేచోట చెక్క కుర్చీ వేశాడు. దాని వీపు మీద తెల్లటి గుడ్డ, పక్కన స్టూలు మీద దువ్వెన, జుట్టు తీసే మిషన్, నీళ్ల సీసా పెట్టాడు. అన్నీ సిద్ధంగా ఉన్నాయి, కూర్చునే తల ఒక్కటే రావాలి.

వీధిలో అందరికీ ఆయన మిలిటరీ. ఆ పేరు వినగానే జనం తుపాకీని ఊహించుకుంటారు. ఆయన పట్టింది కత్తెర. సైన్యంలో చేరిన నాటి నుంచి రిటైరయ్యేదాకా సిపాయిలకు క్షవరం చేశాడు. గుడారాల్లో చేశాడు, రైలు పట్టాల పక్కన చేశాడు, మంచులో వేళ్లు కొంకర్లు పోతుంటే నోటితో ఊదుకుంటూ చేశాడు. ముఖాలు ఆయనకు ఎన్నడూ గుర్తుండవు, మెడలు గుర్తుంటాయి. ఇప్పటికీ ఆ సిపాయిలు కలలోకి వస్తారు. ఒకరి వెనక ఒకరు, అందరూ అటు తిరిగే నిలబడతారు. ఎవరు బతికున్నారో ఎవరు లేరో ఆయన అడగడు. వంతు వచ్చినవాడు కూర్చుంటాడు, ఆయన దువ్వెన తీస్తాడు, ఈలోగా తెల్లవారిపోతుంది.

ఆయన సంసారం కూడా కత్తెరతోనే నడిచింది. సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడల్లా కొడుకు తలుపు వెనక నక్కేవాడు. వాడికి నాన్నంటే గోడ మీది ఫొటో. ఎత్తుకోబోతే ఏడుపు లంకించుకునేవాడు. ఆయన బతిమాలకుండా మర్నాడు పొద్దున్నే పెరట్లో కుర్చీ వేసేవాడు. గుడ్డ కప్పాక వాడు ఎటూ పోలేడు. చెవి మడిచి, తల వంచి, నడినెత్తి మీది రెండు సుళ్లూ తడిమి, నీకు రెండు పెళ్లిళ్లురా అని ఆటపట్టించేవాడు. కటింగ్ అయ్యేసరికి వాడు కిలకిలా నవ్వుతూ ఉండేవాడు. ముద్దు చెయ్యడం చేతకాని మనిషి, చేతనైన పనితోనే బిడ్డను దగ్గరికి తీసుకున్నాడు. రిటైరయ్యాక అది ఆదివారం అలవాటుగా మారింది. అయితే ఆయనకు వచ్చిన కటింగ్ ఒక్కటే, చెవుల పైదాకా ఎత్తేసేది. పెళ్లి ఫొటోలో కూడా కొడుకుది అదే తల. జైల్లోంచి విడిపించి తెచ్చారేమో అనుకున్నానని కోడలు ఇప్పటికీ అంటుంది.

కొన్నాళ్లుగా ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. కిందటి ఆదివారం కొడుకు చెవి తెగింది. పెద్ద గాయమేం కాదు, కాస్త దూది పెడితే రక్తం ఆగిపోయింది. కొడుకు పల్లెత్తు మాట అనలేదు. ఆయనకే ఆ రోజు ముద్ద దిగలేదు. ఇవాళ కొడుకు కూర్చుంటాడా కూర్చోడా అని వారమంతా అదే ధ్యాస. కూర్చోకపోతే కత్తెర లోపల పెట్టెయ్యాలి. పెట్టేశాక ఆ ఇంట్లో తన చేతులతో ఏం చెయ్యాలో ఆయనకు తెలియదు.

పక్కింటి మాస్టారిది నున్నటి బట్టతల. గోడ మీద మోచేతులు ఆన్చి, తనకు నాలుగు వెంట్రుకలుంటే ఈపాటికి ఆ కుర్చీలో ఉండేవాణ్ణని నవ్వించబోయాడు. మిలిటరీ చూపు మాత్రం పెరటి తలుపు మీదే ఉంది.

కొడుకు నెత్తికి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. బజారులో పనుందని, వచ్చే వారం చూద్దామని గొణుగుతూ చెప్పుల కోసం వంగాడు. తువ్వాలు జారింది. మెడ మీద వేరే చేతి గీత, షాపులో తీసింది. మెడ చూసి మనిషిని పోల్చుకునేవాడి దగ్గర అది దాచితే దాగేదా? కొడుకు గతుక్కుమన్నాడు.

"బాగా తీశాడురా," అన్నాడు ఆయన.

నిజంగానే బాగా తీశాడు. అందుకే ఆయనకు మరీ కష్టంగా అనిపించింది. కొడుకు జారిన తువ్వాలు భుజాన వేసుకుని, తల వంచుకుని వెళ్లిపోయాడు.

ఆయన గుడ్డ మడవబోయాడు. అంచుకు అంచు కలవడం లేదు. వంటింటి గుమ్మంలోంచి ఇదంతా చూసిన భార్య చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, కుర్చీలో కూర్చుని ముడి విప్పింది. నెరిసిన జుట్టు కుర్చీ వీపు దాటి జారింది. ఆయన తెల్లబోయాడు. ఇన్నేళ్లలో ఎన్ని వేల తలలు ఆయన చేతి కింద వంగాయో గాని, ఆవిడ తల మీద మాత్రం ఎన్నడూ కత్తెర పెట్టలేదు.

"కొసలు చిట్లిపోయాయండీ. కాస్త కత్తిరించి పెట్టండి."

"చెయ్యి నిలవడం లేదే. వంకర పోతుంది."

"పోతే పోనివ్వండి. నా వీపు నాకేం కనిపిస్తుంది?"

ఆయన దువ్వాడు. కత్తిరించడానికి అంత దువ్వక్కర్లేదు, అయినా దువ్వుతూనే ఉన్నాడు. సబ్బు వాసన, ఎండ, దువ్వెన కింద నెమ్మదిగా విడిపోతున్న చిక్కులు. తాను దూరాన ఉన్న ఏళ్లన్నీ ఈ జుట్టు నల్లగా ఉండి ఉంటుంది. ఆ నలుపు ఆయన సరిగా చూడనేలేదు. మెడ దగ్గర వేలు ఆగింది.

"ఈ పుట్టుమచ్చ ఎప్పటిదే?"

"పుట్టినప్పటిదండీ," అని ఆవిడ నవ్వింది.

ఆయన కూడా నవ్వాడు. కత్తెర ఒకచోట పైకి పోయింది, ఒకచోట కిందికి జారింది. ఆవిడ కదలకుండా కళ్లు మూసుకుని కూర్చుంది. పని అయ్యాక, కాస్త అలసటగా ఉందని ఆయనే ఆ కుర్చీలో చేరగిలబడ్డాడు. ఆవిడ కింద పడ్డ వెంట్రుకలు ఊడ్చి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

గ్లాసుతో తిరిగి వచ్చేసరికి ఆయన తల ఓ పక్కకు వాలి ఉంది. నిద్రపోయాడనుకుంది. కుర్చీ చేతి మీద ఉన్న ఆయన కుడిచెయ్యి చూసింది. అది వణకడం లేదు. ఆవిడ గ్లాసు కింద పెట్టి ఆ చెయ్యి పట్టుకుని కూర్చుంది. చాలాసేపటి దాకా ఎవరినీ పిలవలేదు.

ఆ తరవాత నెలల తరబడి కొడుకు ఏ కటింగ్ షాపు గడపా తొక్కలేదు. జుట్టు చెవుల మీదికి దిగింది. ఒక రోజు ఆవిడ తలస్నానం చేసి పెరట్లో జుట్టు ఆరబెట్టుకుంటుంటే, కోడలు కత్తెర తెచ్చి, కొసలు సమంగా చేస్తాను అత్తయ్యా అంది.

"వద్దమ్మా. మీ మామయ్య కటింగ్ అది."

కోడలు వెళ్లిపోయాక ఆవిడ చేతులు వెనక్కి పెట్టి, ఒక పక్క పైకీ ఒక పక్క కిందికీ పోయిన ఆ జుట్టు అంచును వేళ్లతో మెల్లగా తడుముకుంది.