ఏడవని పిల్ల

పసిపిల్లల ఏడుపు మాన్పించడంలో నన్ను మించినవాడు లేడు. నా ఒళ్ళో పడుకోబెడితే పిల్లలే కాదు, కూత పెడుతున్న రైలింజను కూడా గప్‌చుప్. నా మనవరాలే సాక్ష్యం. తొమ్మిది నెలలొచ్చినా దాని ఏడుపు పక్కింటికి వినపడలేదు.

మా వీధి చివరి గదిలో మూడు నెలలకోసారి నర్సమ్మ పసిపిల్లల ఒంట్లో రక్తం ఎంతుందో చూస్తుంది. వేలి మీద చిన్న సూదిపోటు, పరీక్ష పట్టీ మీద ఒక చుక్క, అరచేతిలో ఇమిడే మిషన్‌లో ఒక అంకె. కూతురు కుట్టుపనికి పోతుంది కాబట్టి పిల్లని తీసుకెళ్ళే ఉద్యోగం నాది. అక్కడ పిల్లల గోలకి చెవులు చిల్లులు పడుతుంటే, మాది నా భుజం మీద తడిగుడ్డలా వాలి ఉండేది.

"మా పిల్ల బుద్ధిమంతురాలమ్మా, ఏడ్చేవాళ్ళని ముందు చూడండి," అని నా వంతు వదిలేశాను. ఒకరికి కాదు, అందరికీ. తల్లులు "ఎంత మంచివాడివి తాతా!" అంటుంటే ఉబ్బిపోయాను. చివరికి మా వంతు వచ్చేసరికి పరీక్ష పట్టీలు అయిపోయాయి. ఇంటికెళ్ళి, "చూశారు, బంగారంలా ఉందన్నారు," అని కూతురికి ఓ కోత కోశాను. ఆ తర్వాతిసారీ అంతే. పొగడ్త రుచి మరిగినవాణ్ణి మరి.

మూడోసారి కూతురు సెలవు పెట్టి తనూ వచ్చింది. నర్సమ్మ వేలు పొడిచింది. పిల్ల కిక్కురుమనలేదు.

"చూశారా నా పెంపకం!" అన్నాను.

నర్సమ్మ నవ్వలేదు. పిల్ల కింది రెప్ప లాగి చూసింది. లోపల తెల్లకాగితంలా ఉంది. మిషన్‌లో ఆరు.

"పదకొండైనా ఉండాలి తాతా. ఏడవడానికీ ఓపిక కావాలి కదా. ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

కూతురు నావైపు తిరిగింది. "రెండుసార్లూ చూపించానన్నావు కదా నాన్నా?"

కాబట్టి మొదట్లో చెప్పిన గొప్పని కొట్టివేయండి. రైలింజన్ని కూడా పట్టాలెక్కించి పంపేయండి. పిల్లని నేను ఊరుకోబెట్టలేదు. రక్తం లేక అదే ఊరుకుంది.

ఆర్నెల్లు ఐరన్ చుక్కలు పోశాం. అంకె పదకొండు దాటింది. ఆ రోజు నర్సమ్మ పిల్ల ముందు ఒక గిన్నె, నాలుగు చెక్కముక్కలు పెట్టింది. దాని ఈడు పిల్లలు టకటకా గిన్నెలో వేస్తున్నారు. మాది ఒక ముక్క పట్టుకుని అలాగే కూర్చుంది.

"అంకె ఎక్కింది కదమ్మా, మరి ఇదేంటి?"

"రక్తం మందుతో నిండుతుంది తాతా. మెదడు ఎదగాల్సిన నెలలు మందుతో తిరిగిరావు. ఆడించండి, మాట్లాడించండి. ఎంత వస్తుందో నేను చెప్పలేను."

దారిలో కూతురు ఒక్కటే మాట అంది. "నువ్వే మాట్లాడించు నాన్నా. కథలు చెప్పడం నీకు కొత్తా?"

అప్పట్నుంచి పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెబుతూనే ఉన్నాను. అది నా చొక్కా గుండీకేసి చూస్తుంది. నిన్న రైలింజను కథ మధ్యలో తలెత్తి, నా మొహంలోకి చూసి, "తా" అంది. కూతురి చేతిలో కత్తెర జారి కింద పడింది.

ఈ చివరిది నేను కల్పించాను. కత్తెర పడలేదు, పిల్ల ఏమీ అనలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా గుండీనే చూస్తోంది.