కింది గొంతు

పడకగది కిటికీలకు దుప్పట్లు కట్టి, శబ్దం మారుమోగకుండా బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి, ఫ్యాను ఆపేసి, భార్య పాట రికార్డు చేశాడతను. పాట ఆమెదే. తండ్రి పోయిన ఏడాది తనే రాసుకుని, తనే బాణీ కట్టుకుంది. పగలంతా పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చునే ఆమెకు ఇంట్లో గిటారు పట్టుకుంటేనే ప్రాణం లేచొచ్చేది.

మైకులు రెండు. ఒకటి నోటికి ఎదురుగా, ఇంకొకటి గిటారు దగ్గర. ముందు వాయించేసి తర్వాత పాడతానని ఆమె అంది. అలా చేస్తే పాట చప్పబడిపోతుందని, రెండూ ఒకేసారి కావాలని అతను పట్టుబట్టాడు. ఒకదాని శబ్దం ఇంకొకదానిలో పడకుండా మైకుల్ని అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు తంటాలు పడ్డాడు. చెమటలు కారుతుండగానే ఆమె పాడింది. బాగా కుదిరింది. వింటూ అతను కళ్లు తుడుచుకున్నాడు కూడా.

తర్వాత ఎప్పుడడిగినా ఇంకా మెరుగులు దిద్దాలనేవాడు.

ఒక మధ్యాహ్నం, పంటి నొప్పితో వచ్చినావిడ ఫోనులో ఆ పాట మోగింది. గిటారు తనదే. గొంతు మాత్రం చెల్లెలిది. పాట ఏ పేరుతో బయటికొచ్చిందో కనుక్కుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మళ్లీ వింది. చెల్లెలు ఊపిరి తీసుకునే చోటల్లా అడుగున సన్నగా, పక్కింట్లోంచి వస్తున్నట్టు, తన గొంతు. గిటారు మైకులో పడిన ఆ కాస్తా తుడిచెయ్యడం అతని వల్ల కాలేదు.

ఇంటికొచ్చి భర్తను నిలదీసింది. పాట తీసుకున్న మ్యూజిక్ కంపెనీవాళ్లు లేత గొంతు కావాలన్నారట. చెబితే ఆమె ఒప్పుకోదని చెప్పలేదట.

"మరి నేను పాడింది?"

"తీసేశాను," అన్నాడు తల దించుకుని.

చెల్లెలికి ఏమీ తెలియదేమోనన్న ఆశతో ఫోను చేసింది.

"తెలుసక్కా," అంది చెల్లెలు. "పాడుతున్నంతసేపూ చెవిలో నీ గొంతు వినిపిస్తూనే ఉంది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ సాగదియ్యాలో దాన్ని పట్టుకునే పాడాను."

"ఒక్కమాట నాతో అనాలనిపించలేదా?"

"అంటే నువ్వు వద్దంటావు కదా."

అచ్చం భర్త అన్న మాటే. తన వెనకాల ఇద్దరూ కూర్చుని ఈ మాట ఎన్నిసార్లు అనుకున్నారో. చిన్నప్పుడు ఆ పిల్లకు పాడడం నేర్పింది తనే. భర్త చేసిన దానికన్నా ఇదే ఎక్కువ కోసింది.

భర్త పాట కింద ఆమె పేరు వేయించాడు. ఆమె చూసి ఊరుకుంది. అవసరానికి మించి అతనితో మాట్లాడడం మానేసింది.

పాటకు పేరొచ్చింది. చెల్లెల్ని వేదికల మీదికి పిలిచారు. ఒకరోజు తనే వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి, గిటారు వాయించడానికి తోడు రమ్మంది. ఎవరు వాయించినా ఆ పట్టు రావడం లేదట.

అక్క కూరగాయలు తరుగుతూ తలెత్తలేదు.

"తిండికి ఎప్పుడైనా రా. పాట సంగతి మాత్రం నా దగ్గర ఎత్తకు."

చెల్లెలు తినకుండానే వెళ్లిపోయింది. ఆపాలని అక్కకు అనిపించింది గానీ చేతిలోని కత్తి కింద పెట్టలేదు.