స్థానబలం

సైన్సు టీచరుది టెంపరరీ ఉద్యోగం. ఏటా వేసవిలో ప్రిన్సిపాల్ మేడం సంతకం పడితేనే మళ్లీ బడికి రావడం. అలాంటి మనిషి మేడం జోలికి పోకుండా తన పాఠమేదో తాను చెప్పుకోవాల్సింది.

ఆ రోజు తొమ్మిదో తరగతిలో చర్య, ప్రతిచర్య. నువ్వెంత బలంతో నెడితే అవతలిది కూడా నిన్ను అంతే బలంతో నెడుతుందంటే పిల్లలు నమ్మలేదు. సరేనని ఆఫీసు గదిలోంచి చక్రాలున్న కుర్చీలు రెండు దొర్లించుకొచ్చింది. ఆ చప్పుడుకి మేడం వచ్చేసింది.

"ఏమిటమ్మా ఈ సంత?"

"ప్రయోగం మేడం. మీరొక్కసారి కూర్చుంటే..."

మేడం నిండైన మనిషి. కుర్చీ కిర్రుమంది. ఎదురు కుర్చీలో టీచరు, గాలికి ఎగిరిపోయేంత బక్కపలచన. ఇద్దరూ కాళ్లు పైకెత్తారు. మేడం అరచేతులకు తన అరచేతులు ఆనించి టీచరు ఒక్క తోపు తోసింది. మేడం జానెడు కదిలింది. టీచరు రయ్యిమని వెనక్కి పోయి బీరువాకి గుద్దుకుంది.

క్లాసంతా గొల్లున నవ్వింది.

"బలం సమానమన్నారుగా టీచర్! మరి మీరే అంత దూరం పోయారేం?" అంది ముందు బెంచీ పిల్ల.

"అవును, నేనెందుకు అంతగా కదల్లేదు?" అంది మేడం కూడా.

జవాబు టీచరు నాలుక చివరే ఉంది. అది బయటికొస్తే ఉద్యోగానికి నీళ్లొదులుకోవాల్సిందే.

"స్థానబలం మేడం," అనేసింది.

మేడం మొహం వెలిగిపోయింది. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు.

ఇంటికెళ్లాక టీచరు కంచం ముందు కూర్చుని జరిగిందంతా భర్తకి చెప్పింది.

"ఒక్క మాటేగా, పోనిద్దూ," అన్నాడతను.

"క్లాసంతా నమ్మేశారండీ!"

మర్నాడు క్లాసులో అడుగు పెడుతూనే చెప్పేసింది. "నిన్న అబద్ధం చెప్పాను. ఇద్దరి మీదా పడిన బలం ఒకటే. మేడం ద్రవ్యరాశి ఎక్కువ, అందుకే తక్కువ కదిలారు. నాది తక్కువ, ఎగిరిపడ్డాను. స్థానబలం కొట్టేయండి."

ఒక్కరూ పెన్ను తీయలేదు. అందరి చూపూ గుమ్మం వైపే.

"నా బరువు నాకు తెలీదనుకున్నావా అమ్మా?" అంది మేడం గుమ్మంలోంచి. "నువ్వేం చెబుతావో చూద్దామనే అడిగా."



"ఏం చూస్తారర్రా, కొట్టేయండి!" అని పిల్లల్ని గదిమి మేడం వెళ్లిపోయింది.

వేసవిలో సంతకం పడింది. నిజం చెప్పినందుకు దక్కిన ఫలమని టీచరు కొన్నాళ్లు ఇంటిల్లిపాదికీ చెప్పుకుని మురిసిపోయింది. ఆ పోస్టుకి ఇంకెవరూ దరఖాస్తే పెట్టలేదని గుమస్తా మాటల మధ్యలో అనేదాకా.